టకటకమ్మ ఇంటి అల్లుడు

టకటకమ్మ చెవిన మాట పడితే చాలు, వేళ్లు కదిలిపోతాయి. సగం జీవితం కోర్టులో వాంగ్మూలాలు టైపు చేసి తెచ్చుకున్న జబ్బది. సాక్షి ఏడ్చినా, వకీలు అరిచినా, జడ్జిగారు తుమ్మినా ఆవిడ ముఖంలో మార్పుండేది కాదు. వేళ్లు మాత్రం మాట వెంట మాటగా పరిగెత్తేవి. అక్కడి గుమాస్తాలు సరదాగా పెట్టిన పేరు ఇంటిదాకా వచ్చి అసలు పేరును మింగేసింది. ఇప్పటికీ బస్సులో పక్కవాళ్లు పోట్లాడుకుంటుంటే, ఒళ్లోని సంచీ మీద ఆ పోట్లాటంతా పొల్లు పోకుండా టైపవుతూ ఉంటుంది. ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మధ్యాహ్నం కునుకులో ఆయనేదైనా గొణిగితే అదీ ఆయన భుజం మీదే టైపవుతుంది. "నా మీద కేసు పెట్టేట్టున్నావే" అంటాడాయన, కళ్లు తెరవకుండానే.

కోర్టు పని మానేశాక ఆ జబ్బే ఆవిడకు అన్నం పెట్టింది. వినికిడి లేని పిల్లలు కాలేజీలో పాఠం ఎలా అందుకుంటారు? పంతులు బోర్డు వైపు తిరిగాడంటే పెదవులు కూడా కనపడవు. అందుకని కాలేజీవాళ్లు పంతులు చొక్కాకి మైకు తగిలిస్తారు. ఆ మాట ఇంటర్నెట్టు మీద వేరే ఊళ్లో ఉన్న టకటకమ్మ చెవులకి చేరుతుంది. ఆవిడ వెనకగదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని వింటూ టైపు చేస్తుంటే, ఆ అక్షరాలు అప్పటికప్పుడు క్లాసులో ఉన్న పిల్ల ముందు తెర మీద కనపడతాయి.

ఆవిడకు అప్పజెప్పింది ఒకే ఒక్క పిల్లను. భూగర్భ జలాలు చదువుతోంది. చిన్నప్పుడు జ్వరం వచ్చి చెవులు పోయాయి. మాట పోలేదు గానీ, తన గొంతు తనకు వినపడకపోయేసరికి అది వంకరటింకరగా తయారైంది. బళ్లో ఒకసారి పాఠం పైకి చదివితే పిల్లలు పడీపడీ నవ్వారట. అప్పట్నుంచి నలుగురిలో నోరు విప్పడం మానేసింది, ఏదైనా రాసి చూపించడమే. ఇదంతా ఆ పిల్లే ఓ రోజు క్లాసయ్యాక రాసి పంపింది. టకటకమ్మ ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

కానీ ఆ పిల్ల మనసు మాత్రం ఆవిడకు బాగా తెలుసు. మొదటి నెలలోనే పిల్ల రాసింది: "ఆంటీ, పాఠం ఒక్కటే కాదు, మిగతావి కూడా చెప్పండి. అందరూ ఎందుకు నవ్వుతారో నాకెప్పుడూ తెలీదు." మర్నాటినుంచి పాఠంతో పాటు పంతులు జోకులూ, వెనక బెంచీ ఈలలూ, ఎవరి కడుపులోనో పేగులు అరిచిన చప్పుడూ కూడా టైపు చేసి పంపింది. పిల్ల అందరితో పాటే నవ్వడం నేర్చుకుంది, ఒక్క క్షణం ఆలస్యంగా.

ఇంత బంగారంలాంటి పనికి అడ్డుపుల్ల వేసేవాడు ఒకడున్నాడు. వాడే అల్లుడు.

అల్లుడంటే మనిషి కాదు, సీపీయూ డబ్బా వెనక గుచ్చిన బొటనవేలంత వైఫై ఎడాప్టర్. ఇంటర్నెట్టు డబ్బా పైఅంతస్తులో ఇంటి యజమాని దగ్గరుంది. గోడకి చిల్లు పెట్టనివ్వడు, కిటికీలోంచి తీగ వేలాడనివ్వడు, చూడ్డానికి బాగుండదంటాడు. ఫోన్లోంచి తీసుకుందామంటే వెనకగదిలో సిగ్నలు చచ్చినా రాదు. కనక గాల్లోంచి అందుకోవాల్సిందే, అందుకోవాల్సినవాడు వీడే. బాగున్నప్పుడు ఆకుపచ్చ దీపం మిలమిల్లాడిస్తూ బుద్ధిమంతుడిలా ఉంటాడు. పాఠం మంచి పట్టులో ఉండగా చెప్పాపెట్టకుండా దీపం ఆర్పేసి ముడుచుకుంటాడు. తీసి, ఊది, మళ్లీ గుచ్చి, బతిమాలితే ఎప్పటికో కళ్లు తెరుస్తాడు. వాడికి ఆ పేరు పెట్టింది టకటకమ్మ అత్తగారు. "కూతుళ్లు లేరు, అల్లుడి అలకలు చూసే యోగం లేదనుకున్నా. ఇదిగో, ఈ వయసులో రాసిపెట్టుంది" అంది.

అలక తీర్చడానికి చెయ్యని పని లేదు. ముందువైపు గుచ్చారు, వెనకవైపు గుచ్చారు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించారు. మెకానిక్కు ఓ పొడుగు యూఎస్‌బీ తీగ తెచ్చి వాణ్ణి బీరువా నెత్తిన కూర్చోబెట్టాడు. అక్కడ మూడు పూటలు దర్జాగా ఉండి మళ్లీ మొదటికొచ్చాడు. మార్చి ఇంకొకటి తెస్తే వాడు వీడికి అన్న. మైక్రోవేవ్ వేస్తే వాడికి గిట్టదని తేలడంతో, పాఠం జరిగేటప్పుడు అత్తగారు పాలు స్టవ్ మీదే కాచుకోవాల్సి వచ్చింది. "ఇంటల్లుడికి కూడా ఇంత భయపడరు" అని ఆవిడ సణుగుడు. సణుగుతూనే వాడి మీద దుమ్ము పడకుండా రోజూ తన చీరకొంగుతో తుడిచేది ఆవిడే.

అల్లుడు అలిగితే అక్షరాలు ఆగడమొక్కటే కాదు, అసలు చిక్కు ఇంకోటుంది. పాఠం వచ్చే దారీ అదే కాబట్టి హెడ్‌ఫోన్లు కూడా మూగబోతాయి. అప్పుడు గదిలో ఎవరు మాట్లాడినా టకటకమ్మ చెవిన పడుతుంది. చెవిన పడ్డాక చెప్పేదేముంది, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి. కంప్యూటరు వాటిని దాచిపెట్టి, దీపం వెలగ్గానే కట్టగట్టి పంపేస్తుంది. ఓసారి ఇసుకపొరల్లో నీరు ఎలా ఇంకుతుందో పంతులు చెబుతుండగా పిల్ల తెర మీద ఇలా వచ్చింది: "ఒసేయ్ పాలు పొంగిపోతున్నాయే, నా మోకాళ్లు పట్టేశాయి, నువ్వే వెళ్లి ఆపు." పిల్ల క్లాసులో ఒక్కతే పొట్ట పట్టుకుని నవ్విందట. ఆ రోజు సాయంత్రం రాసింది: "బామ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి?" ఆ మాట చదివి వినిపిస్తే అత్తగారు మురిసి ముక్కలైంది. "కన్న కొడుకు అడగడు, ఎవరో కన్నబిడ్డ అడిగింది చూడు" అని కొడుకు వినేలా నాలుగుసార్లు అంది. ఆ తర్వాత పిల్ల ఆ ఇంటి మనిషే అయిపోయింది.

చదువు చివరికొచ్చింది. ఆఖర్న పరీక్షకుల ముందు నిలబడి, తన పరిశోధన గురించి వాళ్లడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలి. వాళ్లడిగింది టకటకమ్మ అక్షరాల్లో అందించాలి, పిల్ల జవాబు రాస్తే దాన్ని ఓ పంతులమ్మ పైకి చదవాలి. అదీ ఏర్పాటు. మొదటిసారి కూర్చున్నప్పుడు అల్లుడు అలిగాడు. ఎంత బతిమాలినా లేవలేదు. ప్రశ్నలు అందక పిల్ల దిక్కులు చూస్తూ నిలబడిందని, పరీక్షకులు విసుక్కుని లేచిపోయారని తర్వాత తెలిసింది. ఇంకొక్క అవకాశం ఇస్తాం, అదీ ఆగితే ఈ ఏడాది పోయినట్టే అన్నారట. పిల్ల మాత్రం "మీ తప్పు కాదు ఆంటీ" అని రాసింది. తిట్టినా బాగుండేదనిపించింది టకటకమ్మకు. ఆ పూట అన్నం సయించలేదు.

"ఆ కాలేజీకే వెళ్లి పక్కన కూర్చుంటాను" అంది భర్తతో.

"అడిగావుగా. మాటలు టైపు చేసేవాళ్లు గదిలో ఉండకూడదన్నారుగా, జవాబులు అందిస్తారని."

"జవాబులా? నాకా? నీళ్లు కుళాయిలోంచి వస్తాయనే నాకు తెలుసు."

"నాకు తెలుసులే. వాళ్లకి తెలీదు కదా." ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని సీపీయూ డబ్బా వెనకకు వెళ్లి బాసింపట్టు వేసుకున్నాడు. అల్లుణ్ణి చాలాసేపు వేళ్లతో తడిమి చూశాడు. "వీడికి కోపం కాదే, ఒళ్లు కాలిపోతోంది. సేపయ్యేకొద్దీ వేడెక్కి పడిపోతున్నాడు. ఆ రోజు సెలవు పెడతాను. ఇక్కడే కూర్చుని విసురుతాను."

అన్నట్టే సెలవు పెట్టాడు. ఆ ఉదయం లిఫ్టు మెకానిక్కు నేలమీద కూర్చుని అట్టముక్కతో ఎడాప్టరుకు విసురుతున్నాడు. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కాపలా ఉంది. టకటకమ్మ హెడ్‌ఫోన్లు సర్దుకుంది. తానేం టైపు చేస్తోందో పరీక్షకులు కూడా చూడాలని, ఆ రోజు అక్షరాలు పెద్దవి చేసి గోడమీద తెరకు వేస్తున్నారని ముందే చెప్పారు. ఆవిడ చేతులు చల్లబడ్డాయి. కోర్టులో ఉరిశిక్ష తీర్పు టైపు చేసిన రోజు కూడా అలా చల్లబడలేదు.

మొదటి ప్రశ్న వచ్చింది, వెళ్లింది. పిల్ల రాసిన జవాబును పంతులమ్మ చదివింది. రెండోదీ అంతే. ఇక ఫరవాలేదనుకుని ఊపిరి పీల్చుకుంటుండగా పెద్ద పరీక్షకుడు గొంతు సవరించుకున్నాడు. "ఎండాకాలంలో పక్కపక్కనున్న రెండు బావుల్లో ఒకటి ఎండిపోయి, రెండోదాంట్లో..." అన్నాడు. అంతే. చెవుల్లో నిశ్శబ్దం. దీపం ఆరిపోయింది.

"పోయాడా?" అంది అత్తగారు కుర్చీలోంచి లేస్తూ. "అయ్యో అయ్యో, ఆ పిల్ల అక్కడ ఒక్కతే బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంటుందే!"

"అమ్మా, కాసేపు ఊరుకో. ఆ తడిగుడ్డ ఇలా పడెయ్."

"ఎలా ఊరుకోమంటావురా? దానికన్నీ వచ్చు. వాళ్లడగడమే ఆలస్యం, గడగడా చెప్పేస్తుంది. రాసివ్వడం, ఎవరో చదవడం, ఇదంతా ఎందుకు? నోరు తెరిచి చెప్పమను. గొంతు ఎలా ఉంటే వాళ్లకేం, పాటకచేరీకి వచ్చారా? నవ్వితే నవ్వనీ. నవ్వినవాళ్ల పళ్లు రాలగొట్టడానికి నేనొస్తాను, నా మోకాళ్లు పోతే పోయాయి!"

"వచ్చేశాడు, వచ్చేశాడు" అని అరిచాడు మెకానిక్కు.

దీపం వెలిగింది. టకటకమ్మ అప్పుడు తన చేతులకేసి చూసుకుంది. అవి కీబోర్డు మీద ఆగకుండా పరిగెడుతున్నాయి. తీసేద్దామని వేలు పెట్టేలోగానే కట్ట వెళ్లిపోయింది. బిక్కమొహం, తడిగుడ్డ, పాటకచేరీ, రాలే పళ్లు, మోకాళ్లు అన్నీ పరీక్షకుల ముందు గోడంత అక్షరాలై నిలబడ్డాయి. పిల్ల చదువు నా చేతులతోనే ముంచేశాను అనుకుంది ఆవిడ.

హెడ్‌ఫోన్లు మళ్లీ పలికాయి. ఎవరో కుర్చీ జరిపారు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. తర్వాత ఒక గొంతు వినపడింది. బరువుగా, కొన్ని అక్షరాలు అరిగిపోయి, కొన్ని అవసరం కంటే గట్టిగా. ఆ గదిలో అలాంటి గొంతు అంతవరకూ లేదు. అది ఎవరిదో టకటకమ్మ బుర్రకు తట్టేలోగా వేళ్లు దాన్ని అందుకున్నాయి.

"బామ్మగారూ, నేను బాగానే ఉన్నాను. బిక్కమొహం వెయ్యలేదు."

గొంతు ఆగింది. తర్వాత మెల్లగా, వణుకుతూ వచ్చింది. "ఆ గోడమీద ఉన్నది... ఇప్పుడు నేనన్నదే కదా? ఒక్క అక్షరం తేడా లేదు. ఆంటీ, మీకు అర్థమైందా?"

ఆ మాటలూ గోడమీద పడ్డాయి. వేరేవాళ్ల మాట తప్ప తన మాట ఒక్కటి కూడా టైపు చెయ్యకూడదు, ఆ పనికి ఉన్న ఒకే ఒక్క నియమం అది. ఏళ్ల తరబడి కోర్టులోనూ, ఇక్కడా దాన్ని తప్పని మనిషి ఇప్పుడు తప్పింది. "అర్థమైంది తల్లీ. ఆ బావుల సంగతేదో నువ్వే చెప్పు" అని కొట్టింది. కళ్లనిండా నీళ్లు. ఆవిడెప్పుడూ కీబోర్డు వైపు చూడదు కాబట్టి సరిపోయింది.

పెద్ద పరీక్షకుడు బావుల ప్రశ్న మళ్లీ మొదట్నుంచీ అడిగాడు. పంతులమ్మ కాగితం అందించబోతే పిల్ల వద్దంది కాబోలు, "అవసరం లేదంటున్నావా?" అన్న మాట వినపడింది. జవాబు పిల్ల గొంతులోనే వచ్చింది. రాళ్లలో పగుళ్ల గురించి చెప్పింది. ఒక బావి ఎండితే రెండోది ఎందుకు ఎండదో చెప్పింది. మధ్యలో ఒకచోట పరీక్షకుడికి మాట అందక "ఏమన్నావమ్మా?" అన్నాడు. పిల్ల ఒక్క క్షణం ఆగి అదే మాట ఇంకాస్త నిదానంగా చెప్పింది. టకటకమ్మ ప్రతి మాటా ఎక్కించింది. మెకానిక్కు చెయ్యి పడిపోతున్నా విసురుతూనే ఉన్నాడు. అవతల ఏం జరుగుతోందో తెలియని అత్తగారు కోడలి ముఖం చూసి, తనూ కళ్లు తుడుచుకుంది.

"చాలమ్మా, బాగా చెప్పావు. ఇక నువ్వు వెళ్లొచ్చు" అన్నాడు పరీక్షకుడు చివరికి. కాగితాలు సర్దుకుంటున్న చప్పుడు వినపడింది. పిల్ల గోడమీద ఆ మాట చదువుకునేంత సేపు పట్టింది. ఆ తర్వాత ఆ గొంతు, ఈసారి వణుకు లేకుండా, "ఇంకేమైనా అడగండి సార్" అంది.