టీ ఫ్లాస్కులో సుజాత రక్తం

సహోదరులారా, ముందుగా ఒక చిన్న ఫిర్యాదు. ఆరాధన తర్వాత మన నాంపల్లి సంఘంలో ఇచ్చే టీ ఏనాడూ వేడిగా ఉండదు. ఆ పెద్ద ఫ్లాస్కు వేడిని నిలపదు. చల్లదనాన్నీ నిలపదని నాకు ఏడేళ్ళ కింద, ఒక మే నెలలో తెలిసింది.

నా భార్య సుజాతకు అప్పటికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఆరు నెలలు. రోగం ఇంకెక్కడికైనా పాకిందా అన్నదే మా ఇంట్లో ఎవరూ పైకి అనని ప్రశ్న. క్యాన్సర్ గడ్డ తన పోషణకు కొత్త రక్తనాళాలను పెంచుకుంటుందట, అందుకు అది వాడే పదార్థం రక్తంలో బాగా ఎక్కువైతే రోగం పాకుతోందేమోనని అనుమానించాలట. ఆ పరీక్ష అప్పట్లో కొత్తది, దాన్నొక్కదాన్నే నమ్మనని డాక్టరమ్మ కూడా అన్నారు. రక్తం నాంపల్లిలో తీశారు, ల్యాబు అబిడ్స్‌లో. ఐసులో పెట్టి నేరుగా తీసుకెళ్ళమన్నారు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివినవాణ్ని కనుక, సంఘం ఫ్లాస్కులో ఐసు నింపి, నేరుగా మన పాస్టరు అయ్యగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

అయ్యగారు ఫ్లాస్కు మూత తీసి, రక్తపు సీసాను అరచేతిలో పట్టుకొని, "ప్రభువా, ఈ రక్తం నీ చేతిలో పెడుతున్నాం" అని మొదలుపెట్టి, ఆదికాండం నుంచి ప్రయాణం చేసి ఆమేన్‌కు చేరేసరికి ముప్పావుగంట. రక్తం ప్రభువు చేతిలోనే ఉందని నా విశ్వాసం. అయితే అంతసేపూ అయ్యగారి చేతిలో కూడా ఉంది. ఐసు నీళ్ళయింది.

రిపోర్టులో అంకె హద్దుకు మూడింతలు వచ్చింది. భయపడటానికి నా చదువు బాగా పనికొచ్చింది. వారం రోజులు అన్నం సహించలేదు. దానికి ఉపవాసమని పేరు పెట్టాను. సుజాత మాత్రం మోకాళ్ళూని, "తండ్రీ, ఉన్నా పోయినా నేను నీదాన్నే, ఈయనకు జర ధైర్యమియ్యి" అని ప్రార్థించింది. నా కోసం! నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. నిజంగా ప్రార్థించడం ఆ రోజే మొదలుపెట్టాను.

రిపోర్టు చూసి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "రక్తం ఎట్ల తీస్కపోయిన్రు?" చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు. వేడికీ ఆలస్యానికీ రక్తంలోని ప్లేట్‌లెట్లే ఆ పదార్థాన్ని వదిలేస్తాయట. ఈసారి ల్యాబులోనే రక్తం తీశారు, అంకె మామూలుగా వచ్చింది. స్కానింగ్‌లో రోగం ఎక్కడా పాకలేదని తేలింది. నేటికీ సుజాత మీ మధ్యే కూర్చుని, నేను ఎప్పుడు ముగిస్తానా అని చూస్తోంది. దేవునికే మహిమ!

అందరికీ ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. నాకన్నా గట్టిగా ప్రార్థించి తమవారిని సాగనంపినవాళ్ళు ఈ బల్లల మీదే ఉన్నారు. అయినా భయం నన్ను నమిలిన ఆ వారంలో కూడా ఆయన మా చేయి వదల్లేదు. ఆయన్ని నమ్మండి, రిపోర్టు రాకముందే నమ్మండి.

నిన్న ఈ సాక్ష్యం సుజాతకు చదివి వినిపించి, ఎలా ఉందని అడిగాను.

"మంచిగనే ఉంది గని, సీసా ఐసులనే ఉన్నా దేవునికి ఇనవడుతుండె."