చిల్లు పెట్టిన డాల్డా డబ్బా

ఉదయం ఎనిమిదీ పదికి మా వదిన డాల్డా డబ్బాను బోర్లించి, అడుగున మేకు పెట్టి, రాయితో ఒక్క దెబ్బ వేసింది. తాండూరులో మేమిద్దరం బాల్వాడి నడిపిన డెబ్బైల నాటి మాట. ఆ రోజుల్లో పాత సామాను పారేసే ఇల్లు మా వీధిలో ఒక్కటీ లేదు. ఈ సంగతి మాకు ముందే తట్టి ఉంటే బాగుండేది. పిల్లలతో కంది గింజలు నాటిద్దామని అంతకు ముందు రోజు వదిన, "ఇంట్ల పనికిరానిది ఏదన్న ఉంటే తెండ్రి" అని చెప్పింది. నాలుగేళ్ల పిల్లలకు పనికిరానిదంటే తమకు పనికిరానిదే. ఒకడు వాళ్ల నాయన గడ్డం గీసుకునే గిన్నె తెచ్చాడు. ఒకతె పాలచెంబు తెచ్చింది. బాల్వాడికి చోటిచ్చిన ఇంటి యజమాని చిన్న కూతురు వాళ్ల దాదీమా పాన్ ఉమ్మే ఇత్తడి ఉగాల్దాన్ తెచ్చింది (కడగకుండానే). కాసేపటికే తల్లులు వచ్చిపడ్డారు. "పాలు దేంట్ల పోయించుకోవాలె టీచరమ్మా, నీ నెత్తిలనా?" అంది చెంబు తల్లి. వదిన గిన్నే చెంబూ తిరిగిచ్చి, కిరాణా కొట్టులో తుప్పు పట్టిన డాల్డా డబ్బాలు అడిగి తెచ్చి, అన్నిటికీ అలా మేకుతో చిల్లు పెట్టింది. ఉగాల్దాన్ కోసం మాత్రం ఎవరూ రాలేదు. ఆ పిల్ల అప్పటికే దాన్ని తోమి, మట్టి పోసి, గింజ నాటి, ఇవ్వనంది. వాళ్లింట్లో వెతుకుతూనే ఉన్నారట. దాదీమా కిటికీలోంచి ఉమ్ముతోందట.

ఆ యజమానిని ఊళ్లో బండల సాబ్ అనేవారు. పాలిష్ బండల వ్యాపారం. బేరానికి వచ్చినవాళ్లకు చూపించడానికి తన మేలురకం బండలన్నీ మా బాల్వాడి నడిచే వరండాలోనే పరిచాడు. నాలుగు రోజుల్లోనే డబ్బాల చిల్లుల్లోంచి నీళ్లు కారి, వాటి మీద తుప్పు వలయాలు పడ్డాయి. అవి ఎంత తోమినా పోలేదు. "రేపు పొద్దుగాల నా బండల మీద ఒక్క డబ్బా కనపడొద్దు. కనపడితే డబ్బాలూ బయటనే, మీరూ బయటనే" అన్నాడు. మాకు వేరే చోటు లేదు. డబ్బాలు ఇళ్లకు పంపేద్దామన్నాను నేను. "గింజ లేవక ముందే ఓడిపోవుడేంది? పోరగాండ్లకు ఏం చెప్పాలె?" అంది వదిన.

మర్నాడు సాబ్ వచ్చేసరికి పిల్లలంతా వరసగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కొక్క డబ్బా. "మీ బండల మీద ఒక్కటి గిన లేదు సాబ్. జర చూసుకోండ్రి" అంది వదిన. ఆయన నిజంగానే వంగి చూశాడు. "జోర్ల మాట్లాడకు, మా గింజ పండుకున్నది" అన్నాడు చివర కూర్చున్న బుడ్డోడు. అప్పుడు కనిపించింది ఆయనకు, కూతురి ఒళ్లో ఉగాల్దాన్. ఆయన వేసిన కేకకు వెనక వాటా నుంచి దాదీమా కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆయన లాక్కోబోయాడు, పిల్ల గట్టిగా పట్టుకుంది. దాదీమా వంగి చూసింది. మట్టి పగిలి, తలవంచిన మొలక ఒకటి పైకి వస్తోంది.

"ఛోడ్ రే. దాంట్ల పానం లేచింది. నేనెట్ల ఉమ్మాలె?" అంది దాదీమా కొడుకుతో.

"మరి నీకెట్ల అమ్మీ?"

"గా డబ్బా ఒకటి నాకియ్యిండ్రి, గంతే."

వదిన ముఖంలో ఏమీ కనపడనీయకుండా, తన సంచిలో మిగిలిన డబ్బా ఒకటి తీసి ఆవిడ చేతికిచ్చింది. దానికీ చిల్లు ఉందని చెప్పబోయాను. వదిన మడమతో నా కాలివేలు తొక్కింది.

మూడు దినాలు కాకముందే సాబ్ సొంత హాల్లో మా వలయాలన్నిటికంటే పెద్దది, ఎర్రది, ఒకటి పడింది. ఆ తర్వాత ఆయన మరకల మాట ఎత్తలేదు. బాల్వాడి ఆ వరండాలోనే సాగింది.

పోయిన నెల వదిన పోయింది. కర్మ అయ్యాక వెళ్లి ఆ వరండా చూసి వచ్చాను. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టారు. కౌంటరు కింద తుప్పు వలయాలు అలాగే ఉన్నాయి. ఏమిటి చూస్తున్నారని కొట్టు అబ్బాయి అడిగితే చెప్పబోయి, ఎందుకో ముందు నా కాలివేలు చూసుకుని నవ్వుకున్నాను. చిల్లు సంగతి దాస్తే ఉన్న చోటు పోతుందన్న నా భయం ఉత్తదేమీ కాదు. వదినకు అది తెలుసు, తెలిసే తొక్కింది. ఇప్పుడు డబ్బాలకు ఎవరూ మేకుతో చిల్లులు పెట్టడం లేదు.