మా ఇంట్లో మర్యాద ముదిరిన రోజులు

మొన్న ఉదయం టీ కొట్టు బల్ల మీద మా వియ్యంకుడుగారు తన సెల్లులో ఎవరో డాక్టరు మాట్లాడుతున్న వీడియో ఒకటి చూపించి, మనసుకు జబ్బు చేసి కోలుకున్న మనిషిని ఇంట్లోవాళ్లు అదేపనిగా తప్పుపడుతూ ఉంటే ఆ జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువట, దీనిమీద పెద్ద పెద్ద పరిశోధనలే జరిగాయట అని, వాటిని దగ్గరుండి తనే చేయించినంత గర్వంగా చెప్పారు. నేను తాపీగా టీ ముగించి, అలాంటి పరిశోధనొకటి తొంభైలలో ఇదే రావులపాలెంలో మా ఇంటి అరుగు మీద జరిగిందండి, అందులో నా గొంతు కూడా ఉంది అన్నాను. ఆయన నమ్మలేదు. ఏడో తరగతిలో బడి మానేసి అరటి గెలల మార్కెట్టులో చేరినవాడికి పరిశోధనలతో పనేంటని ఆయన మొహం మీదే కనిపించింది. మన ఈడువాళ్లయితే నమ్ముతారన్న ధైర్యంతో ఇది మీకు చెబుతున్నాను.

మేమిద్దరం అన్నదమ్ములం. చదువు నాకు అబ్బలేదు గానీ, గెలల వేలం పాటల్లో నోరు మాత్రం బాగా తిరిగింది. మా వైపు వెటకారానికి వేరే బడి అక్కర్లేదు, అది కాలవ నీళ్లలోనే ఉంటుంది. మా ఇద్దరి చదువూ కలిపి తమ్ముడే చదివాడు. రాజమండ్రిలో డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా వాడికి నిద్ర పోయింది, తర్వాత తిండి పోయింది, ఆ తర్వాత బస్సులో వాళ్లంతా తన గురించే మాట్లాడుకుంటున్నారని చెప్పడం మొదలుపెట్టాడు. కాకినాడ ఆసుపత్రిలో చేర్పిస్తే మందులు పనిచేసి మళ్లీ మా వాడు మాకు దొరికాడు. అయితే ఇంటికొచ్చిన కొన్నాళ్లకే తిరగబెట్టింది. మళ్లీ తీసుకెళ్లాం, బాగుపడ్డాడు, తీసుకొచ్చాం, మళ్లీ అదే కథ. ఇంటి వాకిలి దిక్కు మార్చమన్నవాళ్లున్నారు, వాడి పేరు మార్చమన్నవాళ్లున్నారు. ఈసారి గనక వస్తే చాలాకాలం ఆసుపత్రిలోనే ఉంచాల్సి వస్తుందని డాక్టరుగారు అన్నప్పటినుంచీ మా అమ్మ వాడి మంచం పక్కనుంచి కదలడం మానేసింది.

ఆ రోజుల్లోనే, అక్కడి డాక్టరుగారి మాట మీద, పైచదువు చదువుకుంటున్న ఒకావిడ చిన్న టేపు రికార్డరు పట్టుకుని మా ఇంటికొచ్చింది. తమ్ముడి ఒప్పుదల ముందే తీసుకుందట. మమ్మల్ని ఒక్కొక్కళ్లనే అరుగు మీద కూర్చోబెట్టి, వాడి గురించి ఏం తోస్తే అది ఓ ఐదు నిమిషాలు చెప్పమనేది, తను నోరు మెదపకుండా వినేది. అమ్మ ఆ ఐదు నిమిషాలూ ఏడ్చింది. మా నాన్న సంగతి కాస్త చెప్పాలి. ఆయన జన్మలో గొంతు పెంచిన మనిషి కాదు, ఎద్దుని అదిలించాలన్నా ముందు దాని అనుమతి తీసుకునే రకం. కిటికీ అవతల నుంచి నేను చెవి వేసి విన్నాను. “బంగారంలాంటి కుర్రాడండి. కాకపోతే పొద్దెక్కేదాకా లేవడండి. లేచినా ఒరిగేదేమీ ఉండదనుకోండి. మా పెద్దవాడికి చదువబ్బకపోయినా పనన్నా అబ్బిందండి, వీడికి అబ్బిన చదువు కూడా మిగల్లేదు” అని తేనె పూసిన గొంతుతో చెప్పుకుపోయారు. నా వంతు వచ్చినప్పుడు నేను, వాడు నా చొక్కాలు తొడుక్కుని నాకన్నా బాగుంటాడనీ, మాత్రల మత్తులో సగం కళ్లు మూసుకుని కూడా చదరంగంలో నన్ను ఓడిస్తాడనీ, అది చూసి నాకూ ఆ మాత్రలే రాయమని డాక్టరుగారిని అడుగుదామనుకుంటున్నాననీ చెప్పాను. ఆవిడ నవ్వకూడదన్న నియమం ఉందేమో, చాలా అవస్థ పడింది.

కొన్ని వారాలకి మళ్లీ వచ్చి, తమ్ముడితో సహా అందరినీ కూర్చోబెట్టి నిదానంగా వివరించింది. జబ్బు మీ వల్ల రాలేదు, ఆ మాట మనసులో పెట్టుకోకండి, మందులు మాత్రం మానొద్దు అని ముందే చెప్పింది. అయితే ఒకసారి పడి లేచిన మనిషికి, మిగతావాళ్ల మీంచి జారిపోయే మాటలు కూడా లోపలికి దిగుతాయట. మాట ఎంత ముఖ్యమో అన్న తీరూ అంతేనట. కంటికి రెప్పలా చుట్టూ తిరుగుతూ ముద్దలు కలిపి పెట్టడం కూడా వాడికి బరువేనని అమ్మతో మెత్తగా అంది. నా వేళాకోళం గురించి, వాడు కూడా నవ్వుతున్నంతవరకూ ఫరవాలేదు, వాడు నవ్వడం మానితే మీరూ మానండి అంది. ఇంట్లో తప్పులెంచడం ఎక్కువగా ఉన్నది మా నాన్న మాటల్లోనని తేలింది. ఆయన నిర్ఘాంతపోయి, “నేను పల్లెత్తు మాట అనలేదు కదమ్మా” అన్నారు. గెల లారీ మీంచి జారినప్పుడు పైకేమీ కనపడదు, ముగ్గేటప్పుడే నల్లబడుతుంది నాన్నా అని నేనంటే, అప్పుడు తల పంకించారు.

పంకించి ఊరుకుంటే బాగుండేది. మర్నాటినుంచి వాడి మనసు మీద ఈగ కూడా వాలకూడదని నిశ్చయించి, తనకి తెలిసిన ఒకే ఒక్క మందైన మర్యాద మోతాదు పెంచేశారు. పొద్దున్నే, “లేచారా అండి? కాఫీ తీసుకుంటారా?” అని కన్నకొడుకునే అడిగారు. అమ్మ కూడా, బాబుగారికి పెరుగు వెయ్యనా అని అందుకుంది. నాకు నవ్వాగక, వాడి ఎదటపడటమే మానేశాను. మా వైపు సొంత పిల్లాణ్ణి అండి అన్నారంటే, అయితే వెటకారం, కాకపోతే తెగతెంపులు; మూడో అర్థం లేదు. వాడు అన్నం సగంలో వదిలేయడం, తలుపేసుకోవడం మొదలైంది. ఒక సాయంత్రం నేను మార్కెట్టునుంచి వచ్చేసరికి మనిషి లేడు, మాత్రల డబ్బా లేదు.

నేను సైకిలు మీద నాన్నని వెనక కూర్చోబెట్టుకుని వెతగ్గా, హైవే సెంటర్లో బస్సుల కోసం నిలబడేవాళ్ల మధ్య చేతిసంచీతో కనిపించాడు. ఆసుపత్రికి వెళ్లడానికి కాకినాడ బస్సు కోసమట. “మీరంతా నన్ను పరాయివాణ్ణి చేసేశారుగా. మీరు పంపేలోగా నేనే పోతే గౌరవంగా ఉంటుందని” అన్నాడు, రోడ్డు వంకే చూస్తూ. నాన్న అలవాటు కొద్దీ, “రండి బాబూ, ఇంటికి వెళదాం” అన్నారు. వాడు మొహం తిప్పుకున్నాడు. దూరంగా బస్సు కనిపించింది. అప్పుడు, నేనెరిగి మొదటిసారి, మా నాన్న గొంతు పెరిగింది. “ఒరేయ్, పదరా. ఏమంటే నీకు మళ్లీ వస్తుందోనని భయమేసి అలా అన్నాన్రా. నువ్వెళ్లిపోతే నాకు ముద్ద దిగదురా” అన్నారు. పళ్ల బుట్టలవాళ్లంతా ఇటు తిరిగి చూశారు. తమ్ముడు బస్సు వంక చూడటం మానేశాడు గానీ సంచీ వదల్లేదు. ఇక నా వంతు అనుకుని, “వెళితే వెళ్లు గానీ, సంచీలో ఉన్న ఆ లుంగీ నాది, అదిచ్చి వెళ్లరా” అన్నాను. వాడు నవ్వాడు. బస్సు ఆగింది, వెళ్లింది. మేం ముగ్గురం సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చాం.

సంగతి విని టేపు రికార్డరు ఆవిడ, “మర్యాద పెంచమనలేదండీ, తప్పులెంచడం తగ్గించమన్నాను” అంది, ఈసారి నియమం పక్కన పెట్టి నవ్వుతూనే. ఆ తర్వాత నాన్న, కావలసింది సూటిగా అడగడం, మిగిలింది వదిలేయడం నేర్చుకున్నారు. ఒరేయ్, సాయంత్రం తోటలోకి ఓసారి రా అనేవారు, రాకపోతే ఎందుకు రాలేదనేవారు కాదు. అమ్మ మధ్యాహ్నాలు పక్కింటి కబుర్లకి వెళ్లడం మొదలుపెట్టింది. జబ్బు మాయమైపోయిందని చెప్పను. కొన్నేళ్లకి మరోసారి తొంగిచూసింది. అయితే ఆసారి, నిద్ర పట్టడం లేదు నాన్నా, డాక్టరు దగ్గరికి వెళదాం అని వాడే ముందు చెప్పాడు, వారం దాటకుండా సర్దుకుంది. ఇప్పుడు వాడు అరటాకుల వ్యాపారం చేస్తూ పక్క వీధిలోనే పిల్లాపాపలతో ఉన్నాడు, మాత్రలు కిళ్లీ వేసుకున్నంత మామూలుగా వేసుకుంటాడు.

కాలం మంచికే మారింది, కాదనను. మనవలు దిగులుగా ఉందని నోరు తెరిచి చెబుతున్నారు, ఎవరూ వాకిలి దిక్కు మార్చమనడం లేదు. తిట్లకీ పొగడ్తలకీ కూడా సెల్లులు వచ్చాయి కాబట్టి ఇళ్లు నిశ్శబ్దంగా ఉంటున్నాయి. నాన్న వెళ్లిపోయారు, ఏడాది తిరక్కుండా అమ్మా వెళ్లింది. తమ్ముణ్ణి ఒరేయ్ అనడానికి నేనింకా ఉన్నాను, రోజూ అంటూనే ఉన్నాను. నేను పెద్దవాణ్ణి కదా, వాడు నన్నలా అనలేడు. మార్కెట్టులో గారు, ఇంట్లో మామయ్యగారు, టీ కొట్టు దగ్గర బావగారు; పొద్దున లేచింది మొదలు అందరూ నాతో ఎంతో మర్యాదగా మాట్లాడుతున్నారు.