లూర్దమ్మ వాయించిన అయ్య బాణీలు

భాలుబాసా బస్తీలోని తెలుగువాళ్లకు లూర్దమ్మ పేరు చెబితే ముందు ఆమె నోటి దురుసు గుర్తొస్తుంది, ఆ తర్వాతే అకార్డియన్. బడిలో సంగీతం టీచరుగా పనిచేసి రిటైరయింది. తండ్రి అగస్టిన్ ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. చర్చి కోసం సొంతంగా బాణీలు కట్టేవాడు. అకార్డియన్ మాత్రం కొడుకు చిన్నబాబుకు కాకుండా కూతురికే నేర్పాడు. ఆ కోపం చిన్నబాబును వదల్లేదు. పెద్దయి చర్చి పాటల బృందానికి నాయకుడయ్యాక కూడా, అక్కతో పని ఉంటేనే మాట్లాడేవాడు.

నిరుడు ఆమె ఎడమ మణికట్టు నొప్పి పెట్టడం మొదలైంది. అకార్డియన్ గాలి తిత్తి లాగడమే కష్టమైంది. బాణీలు తనతోనే పోతాయన్న దిగులుతో, లూర్దమ్మ తన కూతురు జెన్సీ లాప్‌టాప్ తీసుకుని స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది. కుడిచేతి పాట పై వరుసలో, ఎడమచేతి బొత్తాలు కింది వరుసలో రాసింది. తిత్తి ఎక్కడ తెరవాలో, ఎక్కడ మూయాలో గుర్తులు పెట్టి, బృందంతో సాధన చేయించమని తమ్ముడికి పంపింది.

అతడు సాధన చేయించలేదు. కంప్యూటర్ చేతే వాయింపజేసి, దానికి గొంతులు కలిపి రికార్డు చేశాడు. చర్చి ఛానెల్లో "సంగీతం: చిన్నబాబు" అని పెట్టాడు. తండ్రి పేరు లేదు. ఆమె పేరూ లేదు.

లూర్దమ్మ ఆటో ఎక్కి సోనారిలో అతని ఇంటికి వెళ్లింది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"అయ్య పేరు ఏటైపోనాది?"

"మరిసిపోనాను."

"నన్నూ మరిసిపోనావా?"

"నువ్వేటి వాయించినావప్పా? మిషను వాయించింది. నీ సెయ్యి వణుకుతాది. రికార్డులో ఇనపడితే నవ్వుతారు."

"అది ఊపిరి లేకుండా వాయించింది రా. తిత్తి గుర్తులన్నీ తీసేసినావు."

"అవెవుడికి తెలుత్తాయి?" చిన్నబాబు టీవీ వైపు తిరిగాడు. "ఎల్లు. ఇంక ఈ గుమ్మానికి రాకు."

తర్వాతి ఆదివారం ప్రార్థనలో స్పీకర్లలోంచి ఆ రికార్డు మొదలవగానే లూర్దమ్మ అకార్డియన్ తగిలించుకుని లేచింది. అదే పాటను తండ్రి నేర్పిన నిదానమైన నడకలో వాయించింది. రెండూ కలవక చెవులు గింగురుమన్నాయి. పాడేవాళ్లు ఆగిపోయారు. చిన్నబాబు వచ్చి వాయిద్యం పట్టీ పట్టుకు లాగాడు. ఆమె మోచేత్తో తోసింది. అతని కళ్లజోడు కిందపడి పగిలింది. పిలిచేదాకా రావద్దని సంఘం పెద్దలు ఆమెకు చెప్పారు. అతణ్ని ఎవరూ ఏమీ అనలేదు.

ఇంటికొచ్చాక, మామను ఎందుకు తోశావని, అందరూ మనల్ని చూసి నవ్వుతున్నారని జెన్సీ హిందీలో విసుక్కుంది. "మామా కో ధక్కా క్యోఁ దియా? సబ్ హమ్ పర్ హఁస్ రహే హైఁ."

"నవ్వనీ. మైకు పెట్టు."

మణికట్టుకు గుడ్డ చుట్టుకుని, నొప్పి పుట్టినప్పుడల్లా ఆగుతూ, ఒక్కో పాటను ముక్కలుగా వాయించింది. జెన్సీ ఆ ముక్కల్ని కలిపింది. తిత్తి కిర్రుమనే చప్పుడు తీసేయబోతే లూర్దమ్మ ఒప్పుకోలేదు. బాణీలు అగస్టిన్‌వని, వాయించింది తానని రాయించి ఇంటర్నెట్లో పెట్టింది. విన్నవాళ్లు కొద్దిమందే. చర్చి సంగీతం దొంగిలించిందని చిన్నబాబు సంఘం వాట్సాప్ గ్రూపులో రాశాడు.

మొన్న పర్సుడీహ్‌లో ఒక పెళ్లి భోజనాల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఆ రికార్డు తీసెయ్," అన్నాడు.

"ముందు అయ్య పేరు పెట్టు."

అతడు ప్లేటు తీసుకుని వేరే బల్లకు వెళ్లిపోయాడు. పేరు ఇంతవరకు పెట్టలేదు. లూర్దమ్మను చర్చి ఇంకా పిలవలేదు. ఆమె మాత్రం తండ్రి కట్టిన గుడ్ ఫ్రైడే పాటలకు స్వరాలు రాయడం మొదలుపెట్టింది. ఈసారి ఎవరికీ పంపదట.