కణతల దగ్గర

మా అత్తగారు ఓపిక ఉన్నన్నాళ్లూ భోగాపురం చుట్టుపక్కల ఊళ్లలో తలమీద గంప పెట్టుకుని చేపలు అమ్మారు. జుట్టు ముడి వదులైతే గంప కదులుతుంది. గంప కదిలితే చేపలు రోడ్డు పాలు. అందుకని కనుబొమ్మలు పైకి లేచేంత బిగువుగా ముడి వేసుకోవడం ఆవిడకి అలవాటు. నేను పేపరుకి వార్తల కోసం పొద్దున్నే బస్సెక్కేదాన్ని కాబట్టి మా అమ్మాయికి జడలు ఆవిడే వేసేవారు. బడికి రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టాలి.

"కదలకే! బిగువుగా ఏస్తేనే జుట్టు ఎదుగుతాది."

"నొప్పెడతన్నాది మామ్మా."

"పెట్టనీ. మీ అమ్మలాగ సీపురుకట్ట తలేసుకుని తిరుగుతావేటి?"

నేను నవ్వేసి వెళ్లిపోయేదాన్ని.

తొమ్మిదో తరగతిలో చేరినప్పుడు బడి కార్డుకి కొత్త ఫోటో తీయించాం. పాత ఫోటో పక్కన కొత్తది పెట్టి చూడటం నాకు పేపర్లో అబ్బిన గుణం. నిరుడు చెవుల ముందు వరకూ ఉన్న జుట్టు ఈసారి లేదు. రెండు కణతలూ నున్నగా మెరుస్తున్నాయి. పిల్లని వెలుతురులోకి లాగి చూశాను. జుట్టు అంచు వెంట చిన్న చిన్న పొక్కులు. వేలు తగలగానే తల వెనక్కి తీసుకుంది.

"ఎన్నాళ్ల నుంచే ఇది?"

"తెల్దు. మామ్మకి సెప్పకమ్మా. పల్చబడిందని ఇప్పటికే ఇంకా బిగించి కట్టేస్తన్నాది."

మర్నాడు విజయనగరంలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. వద్దన్నా అత్తగారు వెంట వచ్చారు. డాక్టరమ్మ రిబ్బన్లు విప్పి, జుట్టు పాయలు తీసి చాలాసేపు చూసింది.

"రోజూ లాగి కట్టడం వల్ల ఊడిపోయింది. ఇవాళే ఆపండి. కుదుళ్లు బతికుంటే కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. చచ్చిపోయుంటే రాదు."

"బతికున్నాయా?" అన్నాను.

"ఇప్పుడే చెప్పలేను."

అత్తగారు కుర్చీలో ముందుకి జరిగారు. ఇన్నేళ్లలో నేను ఆవిడని తలమీద కొంగు లేకుండా చూడలేదు. ఆ కొంగు తీసేశారు. రెండు కణతలూ చెవుల పైదాకా బోడి.

"మరి ఇదో? గంప బరువుకి పోయిందనుకున్నాను తల్లీ."

డాక్టరమ్మ అక్కడ వేలితో తడిమింది. "మీది ఇక రాదమ్మా."

డాక్టరు చీటీ చూపించి బడిలో వదులు ఒంటిజడకి ఒప్పించాను. మర్నాడు పొద్దున్న పిల్ల ఎప్పటిలాగే మామ్మ ముందు పీట అంచు రెండు చేతులా పట్టుకుని, మెడ బిగబట్టి కూర్చుంది. జడ మూడుసార్లు విడిపోయింది.

"జారిపోతన్నాదే ఇది. నా సేతులకి వదులు రాదే," అన్నారు అత్తగారు.

"జారనీ మామ్మా."

ప్రతి ఆదివారం పిల్లని వాకిట్లో ఎండకి కూర్చోబెట్టి చూస్తున్నాను. నాలుగో నెలలో ఎడమ కణత మీద నూగు లేచింది. కుడివైపు ఇంకా నున్నగానే ఉంది. అత్తగారు దగ్గరికి రారు. గుమ్మంలోంచే అడుగుతారు.

"వచ్చిందేటి?"

"ఒక పక్క వచ్చింది అత్తా."

"రెండో పక్క సూడు," అంటారు. మళ్లీ చూస్తాను.