పడుగు కిందుగా వచ్చిన చింతమొద్దు

తెల్లదొరల ఏలుబడి రోజుల్లో గుడియాత్తం నేతవీధిలో ఎరుపు నూలు కావాలంటే చెల్లమ్మ గడప తొక్కాల్సిందే. ఆమె పెరటి పొయ్యి మీద పెద్ద రాగి కాగు కాగుతుండేది. నూలు చిలపలు అందులో ముంచి, కర్రతో తిప్పి, రంగు చూసి “చాలు” అనేది. ఆమె చాలన్నాక మరో తిప్పు తిప్పే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు. బతికుండగా మొగుడికీ లేదు.

రంగు ఎంత తెలిసినా పొయ్యికి కట్టెలు కావాలి గదా. పేర్ణాంబట్టు దిక్కునుంచి వచ్చే బండి చింతమొద్దులను ఎదురు వరస ఇళ్ల గోడ పక్కన దించి పోయేది. తలమీద చుట్టకుదురు పెట్టుకుని ఒక్కొక్క మొద్దే ఎత్తుకుని వీధి దాటడం చెల్లమ్మకు కాపురానికి వచ్చిన నాటి అలవాటు. ఒకరిని సాయం పిలవాలంటే నామోషీ. చివరికి ఒక పొద్దున మొద్దు ఎత్తబోయి, వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. నలుగురు పట్టుకుని మంచం మీద పడుకోబెడితే ఆ నలుగురినీ పేరుపేరునా తిట్టింది.

కొడుకు జయరామన్ మంచం పక్కన కూర్చున్నాడు. “చాలమ్మా. ఇంక ఆ పొయ్యి ఆర్పేద్దాము. నూలు వేలూరికి పంపిస్తే ఆడ రంగేసి ఇస్తారు. నువ్వు కూసోని తిను.”

పిల్లవాడు మంచికే అన్నాడు. కానీ కూర్చుని తినమనడం చెల్లమ్మకు శాపం పెట్టినట్టు తోచింది. ఆ పొయ్యి పోతే ఈ ఇంట్లో తను ఎవరు? పూటకు రెండు ముద్దలు మింగే ముసలిది. ఆ దిగులుకే నడుం నొప్పి రెట్టింపయింది.

అప్పుడే పలకరించడానికి మునియమ్మ వచ్చింది. ఆమెది తరతరాలుగా గోడలు కట్టే ఇల్లు. వేలూరు పక్కనున్న బాగాయంలో మేడల పనికి పోయి వస్తుండేది.

“ఏందక్కా, మొద్దును ఎత్తినావా?” అంది, దొంగతనం చేశావా అన్నంత ఆశ్చర్యంగా. “మాలో బండరాయిని ఎవురన్నా ఎత్తుతారా? అదే నడస్తాది. మనం దారి చూపించాల, అంతే.”

ఉపాయం లేనివాణ్ణి ఊళ్లోంచి వెళ్లగొట్టమన్నారు. తనను వెళ్లగొట్టకముందే ఆ ఉపాయమేదో నేర్చుకోవాలని చెల్లమ్మ పట్టుబట్టింది. నడుం కుదుటపడగానే మునియమ్మ ఒక గడ్డపార, గుండ్రటి సరుగుడు కర్రలు, పొడుగాటి పిడి ఉన్న ఇనుప కొక్కెం మోసుకొచ్చింది. మొద్దు పక్కన చిన్న రాయి పెట్టి, దానిమీద గడ్డపార ఆనించి నొక్కితే మొద్దు లేచింది. ఆ సందులోకి కర్రలు దూర్చారు.

“నడుం కాదక్కా, మోకాళ్లు వంచు. ఇప్పుడు కొక్కెం తగిలించి నిటారుగా నిలబడి లాగు.”

చెల్లమ్మ లాగింది. మొద్దు కర్రల మీద దొర్లుతూ కదిలి వచ్చింది.

“అమ్మాడీ, ఇది నా మాట వింటా ఉండాదే! నా కొడుకన్నా నయం!”

చీల్చిన కట్టెలు మోయడానికి రెండు పిడుల జోలె కుట్టుకోమంది మునియమ్మ. కుట్టడం బాగానే కుట్టింది గానీ, నేతవీధి మనిషి గదా, గంజి పెట్టని గుడ్డ గుడ్డే కాదని ఆమె నమ్మకం. చిక్కగా గంజి పట్టించి అట్టలా ఆరబెట్టింది. తెల్లారి చూస్తే రెండు పిడుల మధ్య ఉన్నదంతా పక్కింటి మేక నమిలేసి, ఇంకా ఉందా అన్నట్టు చెల్లమ్మ మొహంలోకి చూస్తోంది.

మునియమ్మ నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడింది. “కట్టెలకు జోలె కుట్టమంటే మేకకు టిఫిన్ పెట్టినావే అక్కా!”

రెండోది గోనెపట్టతో కుట్టారు. గంజి జోలికి పోలేదు.

ఇదంతా ఆడవాళ్ల ఆటగా కొట్టిపారేశాడు జయరామన్. ఒక పొద్దున నూలు మూట కట్టేసి, వేలూరు బండిని వీధి మొగలో నిలబెట్టాడు. ఆ పొద్దే నేతగాడు వరదప్ప వీధిలో పడుగు సాగదీశాడు. కత్తెరలా కట్టిన వెదురు కర్రల మీద నడుమెత్తున, ఈ కొసనుంచి ఆ కొసకు మగ్గానికెక్కే దారాలు. నేతగాళ్లు కుంచెలతో గంజి పెడుతున్నారు. పడుగు చుట్టేదాకా దాని మీదుగా చీపురుపుల్ల కూడా దాటించకూడదు. మొద్దులు అటు, పొయ్యి ఇటు.

“పడుగు చుట్టేటప్పటికి బండి పోతాదమ్మా,” అన్నాడు జయరామన్. “నీ కాగు ఎప్పుడు కాగాల?”

చెల్లమ్మ కొక్కేనికి తాడు కట్టి, అటువైపు మొద్దు దగ్గరున్న మునియమ్మకు పడుగు కిందుగా అందించింది.

“చెల్లమ్మక్కా! ఒక్క పోగు తెగినా ఊరుకోను!” అని కేకేశాడు వరదప్ప.

“నీ పోగులు నువ్వు చూసుకో వరదప్పా. నా మొద్దు నేలమీద నడస్తాది.”

మునియమ్మ గడ్డపార నొక్కి కర్రలు దూర్చింది. చెల్లమ్మ మోకాళ్లు వంచి, తాడు లాగింది. కుంచెలన్నీ ఆగిపోయాయి. నేతగాళ్లంతా వంగి పడుగు కిందికి చూస్తున్నారు. చింతమొద్దు బుద్ధిగా దొర్లుకుంటూ ఇవతలికి వచ్చింది. పైన ఒక్క పోగూ కదల్లేదు. వరదప్పే అందరికన్నా ముందు “శభాష్!” అని అరిచాడు. పొయ్యికి సరిపడా మొద్దులు ఆ దారినే వచ్చాయి. చీల్చిన కట్టెలు గోనెజోలెలో పెరట్లోకి చేరాయి.

వీధిలో పడుగు ఇంకా ఆరుతూ ఉండగానే కాగులో నీళ్లు కళపెళ కాగాయి. జయరామన్ మూట భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చి ఆమె ముందు దించాడు.

“బండిని పొమ్మన్నానమ్మా. ఈ పొయ్యి నీదే.”

చెల్లమ్మకు పట్టరాని సంతోషం వచ్చింది. అది కనబడనివ్వకుండా కసిరింది. “నాదని నాకు తెల్దా? నీకు తెలియాలనే గదరా ఇంత పాటు పడింది. పో, పోయి నీళ్లు తోడు.”

జయరామన్ చేద తీసుకుని బావి దగ్గరికి నడిచాడు.