టీమ్ రంగు చీరలు

అమెరికాలో, నోవై ఊళ్లో నాన్న ఇంటి బేస్‌మెంట్‌లో అమ్మ పెట్టె మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. దానితోపాటు నా చిన్నతనమంతా వచ్చి ఒళ్లో పడింది. మెరూను, ముదురాకుపచ్చ, నారింజ, ఊదా. ఏ చీర చూస్తే ఆ ఊరు గుర్తొస్తోంది.

ఈ దేశంలోనే పుట్టి పెరిగిన మా నాన్న అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్. మనవాళ్లలో ఆ పని చేసేవాడు ఇంకొకడుంటే చూపించండి, దండం పెడతాను! బంతిని గోల్‌పోస్టుల మధ్యకు తన్నే కుర్రాళ్లకు నేర్పే అసిస్టెంట్ కోచ్. ఆ వృత్తిలో ఒక పాడు ఆనవాయితీ ఉంది. టీమ్ వరసగా ఓడితే పెద్ద కోచ్‌ను తీసేస్తారు, ఆయనతోపాటు కిందివాళ్లంతా మూటాముల్లె సర్దుకోవాల్సిందే. అలా కాన్సస్, ఒహాయో, అలబామా, ఐడహో అంటూ కాలేజీ ఊళ్లన్నీ తిరిగాం. కొత్త ఊరు చేరగానే అమ్మ గుంటూరులో ఉన్న పిన్నికి ఫోన్ చేసి ఆ టీమ్ రంగులో చీర తెప్పించుకునేది. పాత టీమ్ రంగు ఇక ఇంట్లో కనబడకూడదు. నా స్వెటర్లు, దుప్పట్లు, చివరికి వంటింటి తువాళ్లు కూడా ఎవరికో ఇచ్చేసేవాళ్లం. చీరలు మాత్రం ఇవ్వబుద్ధి కాక అమ్మ పెట్టె అడుగున దాచేది.

ఆకులు రాలే కాలంలో శనివారాలంటే స్టేడియం పార్కింగ్‌లో ఆటకు ముందు జనం కాల్చుకునే మాంసం పొగ, దాని మధ్య అమ్మ తెచ్చిన పులిహోరలో ఇంగువ ఘాటు, చలికి చీర మీద కోటు తొడుక్కుని ఆట అయ్యేదాకా దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చునే అమ్మ. మిగతా పిల్లలు టీమ్ గెలవాలని అరిచేవారు. నేను మాత్రం బడి మారకూడదని అరిచేదాన్ని.

టెక్సస్‌లో టీమ్ బాగా గెలుస్తున్న రోజుల్లో నాన్న మొదటిసారి ఇల్లు కొందామన్నాడు, ప్లేనోలో కొత్తగా కడుతున్నదాన్ని. అమ్మ ముఖం అంతలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. గృహప్రవేశానికని సన్న జరీ అంచున్న నిమ్మపండు రంగు చీర తెప్పించుకుంది.

"ఇది మన టీమ్ కలర్ కాదు కదమ్మా?" అన్నాను.

"కాదే. ఇది నాకు. నా ఇంటికి."

మరుసటి సీజన్ అంతా ఓటములే. చివరి ఆటలో నాన్న నేర్పిన కుర్రాడు తన్నిన బంతి కూడా పోస్టు పక్కనుంచి పోయింది. ఆ వారమే పెద్ద కోచ్‌ను తీసేశారు. నాన్న ఫోన్ పెట్టేసి అమ్మతో, "ఐ యామ్ సారీ, వాణీ. హౌస్ క్యాన్సిల్ చేయాలి," అన్నాడు.

"పోన్లెండి, ఇంకో ఊళ్లో కొనుక్కుందాం," అంటూ అమ్మ అట్టపెట్టెలు తెచ్చింది. నేను వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. ఇంకో ఊళ్లోనూ కొనలేదు. నాన్న రిటైరై ఈ ఇల్లు కొనేసరికి అమ్మ మంచాన పడింది.

అమ్మ పోయి నెలయింది. మేమున్న ఊళ్లలో మమ్మల్ని ఎరిగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. నాన్న నా పక్కన నేలమీద కూర్చుని, ఒక్కో చీరా నిమురుతూ, ఆ ఊరి పేరూ ఆ ఏటి గెలుపోటములూ తడుముకోకుండా చెబుతున్నాడు. అన్నిటికన్నా అడుగున, ఫాల్ కూడా కుట్టించని నిమ్మపండు చీర, కొట్టువాడి మడత మీదే ఉంది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఏ టీమ్‌ది, అమ్మలూ?"

"అమ్మది, నాన్నా," అన్నాను.